సూరిరెడ్డి బండికి కొన్న పాత రేడియేటర్

నాది రేడియేటర్లకు అతుకులు వేసే పని. చూపు ఆనక ఈ మధ్యే మానుకున్నాను. మాది కంచరోళ్ల ఇల్లు. మా నాయన బత్తలపల్లెలో ఇత్తడి బిందెలకు, చెంబులకు మాట్లు వేసేవాడు. ప్లాస్టిక్ బిందెలు వచ్చి ఆ పని పోయింది. ఇత్తడిని అతికే చెయ్యి మాత్రం ఇంట్లో మిగిలింది. ఆ చెయ్యితోనే నేను రేడియేటర్లలోకి దిగినాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "పాత రేడియేటర్ కొనేటప్పుడు ఏం చూడాల పెద్దాయనా?" అని అడుగుతారు. నోటితో చెప్తే పది మాటల్లో అయిపోతుంది. ఆ పది మాటలు నాకెట్లా తెలిసినాయో చెప్పకపోతే అవి వాళ్ల దగ్గర నిలవవని నాకు అనుభవం. అందుకే రాస్తున్నాను. అంగడి ఎప్పుడు పెట్టినాను, ఎన్ని లారీలు చేసినాను అనేవి ఎవరికీ పనికిరావు. ఒక మోటార్ సైకిల్ సంగతి చెప్తాను. దాన్ని పాడు చేసింది నేనే.

మా నీళ్లు

ముందు ఈ పని ఏందో తెలియాల. ఇంజను మండేకొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్‌లోని సన్న గొట్టాల్లో పారతాయి. గొట్టాల చుట్టూ రేకు రెక్కలుంటాయి. గాలి తగిలి నీళ్లు చల్లబడి మళ్లీ ఇంజనులోకి పోతాయి. అంతే. గొట్టం కారితే మూయడం, పూడుకుపోతే తెరవడం మా పని.

అనంతపురం జిల్లాలో ఈ పనికి ఎప్పుడూ కరువు రాలేదు. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఉప్పుబడతాయి. రేడియేటర్‌లో పోసిన ఆరు నెలలకే గొట్టాల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. దారి మధ్యలో రేడియేటర్ కారితే డ్రైవర్లు చేసే వైద్యాలు వేరే ఉన్నాయి. కొందరు కోడిగుడ్డు కొట్టి పోస్తారు. కొందరు పొగాకు నలిపి వేస్తారు. ఎక్కువ మంది వేసేది పసుపు. గుప్పెడు పసుపు పోస్తే అది తడిసి ఉబ్బి చిల్లుకు అడ్డం పడుతుంది, బండి ఊరు చేరుతుంది. ఊరు చేరినాక దాన్ని కడిగించాలని ఎవరికీ గుర్తుండదు. అది లోపలే పిడచకట్టి కూర్చుంటుంది.

ఉస్తాద్

నేను పని నేర్చుకున్నది అనంతపురంలో మహబూబ్ ఉస్తాద్ దగ్గర. చెయ్యి బంగారం. ఎక్కడ కారుతోందో చూడకుండా, చెవి పెట్టి గాలి ఊది చెప్పేవాడు. ఇంటి నుంచి వచ్చిన క్యారియర్‌లో సగం నాకు పెట్టకుండా ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్న రోజు లేదు. "మూతి దగ్గర వాసన చూడరా, సగం సంగతి అదే చెప్తాది" అని రోజూ అనేవాడు.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. దాన్ని వదిలించుకోవడానికి చాలా ఏండ్లు పట్టింది.

ఒకసారి చీనీకాయల, అంటే బత్తాయిల, లోడుతో పోయే లారీ వచ్చింది. ఉస్తాద్ ఒక గొట్టం అతుకుతుంటే మంట ఎక్కువై పక్క గొట్టం మాటు విడిపోయింది. నేను చూసినాను. నేను చూసినానని ఆయనా చూసినాడు. ఏమీ అనకుండా దానిమీద నల్ల రంగు పూసి బండి పంపించినాడు. రెండు రోజులకు డ్రైవర్ తిరిగొచ్చినాడు. కదిరి దాటినాక బండి ఆగిపోయి, సగం కాయలు ఎండకు చెడిపోయినాయంట. ఉస్తాద్ నోరు తెరవనిస్తేనా? "ఉప్పు నీళ్లు పోసి నా పనికి వంక పెడతావా?" అని అంగడి అదిరేటట్టు అరిచినాడు. చివరికి ఆ డ్రైవరే "తప్పైంది ఉస్తాద్" అని చేతులు జోడించి పోయినాడు.

ఆ రోజు నాకు అది గొప్పతనం మాదిరి అనిపించింది. నిజం చెప్తున్నాను, నాకూ అట్లాంటి నోరు రావాలని కోరుకున్నాను. వచ్చింది కూడా. సొంత అంగడి పెట్టినాక చానా మందిమీద దాన్ని వాడినాను.

సూరిరెడ్డి అడిగింది

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లయినాక, వరసగా వానలు ముఖం చాటేసిన కాలం అది. బత్తలపల్లె రోడ్డు పక్కన నా అంగడికి ఒక వింత బండి వచ్చింది. ముందు సగం డీజిల్ మోటార్ సైకిల్. వెనక చక్రం తీసేసి రెండు ఇనుప చక్రాలు బిగించినారు. వాటి వెనక గుంటక. అదే, చెనిక్కాయ, అంటే వేరుశెనగ, సాళ్ల మధ్య కలుపు కోసే పరికరం. దానిమీద యాభై ఏండ్ల మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. దగ్గరలోని పల్లె నుంచి వచ్చిన సూరిరెడ్డి. ఎనిమిది ఎకరాల మెట్ట చేను ఉంది.

"ఆచారీ, దీనికి రేడియేటర్ పెట్టాల" అన్నాడు దిగకుండానే.

"ఏమప్పా ఇది?"

"ఎద్దు" అన్నాడు.

"నిజం ఎద్దులేమైనాయి?"

"మేత యాడుండాది?" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ ఏండ్లలో ఎద్దుల గురించి రెండోసారి అడిగే పద్ధతి మా పక్క లేదు.

సంగతి ఏందంటే, మోటార్ సైకిల్ ఇంజను గాలికి చల్లబడుతుంది. రోడ్డుమీద వేగంగా పోతే గాలి తగులుతుంది. చేన్లో మనిషి నడక నడిస్తే గాలెక్కడిది?

"నాలుగు సాళ్లు తోలేలోపల పొయ్యి మాదిరి కాలిపోతాండాది. గంటసేపు నిలబెట్టాల. ఇట్లయితే ఎనిమిది ఎకరాలు ఎప్పటికి తెమలాల? ఊడలు దిగితే గుంటక పెట్టేకి లేదు గదా."

చెనిక్కాయ చెట్టు పూత పూసినాక ఊడలు భూమిలోకి దిగి కాయ అవుతాయి. ఊడలు దిగినాక గుంటక తోలితే తెగిపోతాయి. ఆ లోపల కలుపు తీసుకుంటేనే పంట. అప్పటికి ఆయన చేతిలో ఇరవై రోజులు కూడా లేవు. కూలోళ్లను పెట్టుకునే స్థితి లేదు.

"ఇది గాలి ఇంజను రెడ్డీ. నీళ్లు పోయే దారే లేదు దీంట్లో. రేడియేటర్ పెట్టి ఏం చేస్తాం?"

"నీళ్లు లేకపోతే నూనె ఉండాది గదా. లోపల తిరిగే నూనెను బయటికి తెచ్చి చల్లబెట్టు. మళ్లీ లోపలికి పంపు."

నేను నిలబడిపోయినాను. పెద్ద యంత్రాల్లో ఆ ఏర్పాటు ఉందని నాకు తెలుసు. మోటార్ సైకిల్‌కు పెట్టొచ్చనే ఆలోచన మాత్రం నాకెప్పుడూ రాలేదు. ఐదో తరగతి చదివిన రైతు, కాలిన చేతులతో కనిపెట్టుకున్నాడు.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తారు? మా ఇంటామె బోండాల నూనె పొంగితే గరిటెతో తీసి పళ్లెంలో పోసి ఆరబెట్టి మళ్లీ పోస్తాది. చూసినా."

నాకు ఆ మనిషి అప్పుడే నచ్చేసినాడు.

పాత సామాన్ల అంగడి

కొత్త రేడియేటర్ ఇంత చిన్నది దొరకదు. చేయించాలంటే బెంగళూరు పోవాల, నెల పడుతుంది. పాతదే గతి. ఇద్దరం బస్సెక్కి అనంతపురం పోయినాం. ఆడ పాత బండ్లను విప్పి విడి భాగాలు అమ్మే బాషాభాయ్ నాకు పాత పరిచయం.

గంట వెదికితే నాకు కావాల్సింది దొరికింది. చలి దేశాల్లో కారు లోపల వేడిగాలి రావడానికి డ్యాష్‌బోర్డు కింద ఒక బుల్లి రేడియేటర్ పెడతారు. రెండు అరచేతులంత ఉంటుంది. ఇత్తడిది. దానికి దాని ఫ్యాను కూడా ఉంటుంది. మా జిల్లాలో కారులో కూర్చుని వేడిగాలి కావాలనే మనిషి ఇంకా పుట్టలేదు. అందుకే నాకు ఆశ పుట్టింది.

"ఇది ఎవరూ వాడింది కాదు రెడ్డీ. ఈ ఎండలో దీన్ని ఎవరు తిప్పుతారు? కొత్తదానితో సమానం" అన్నాను.

"నేనూ అదే చెప్తాండా" అన్నాడు బాషాభాయ్. "కారు పాతదే గాని ఇది పెండ్లి కాని పిల్ల."

మూతులు మూసి నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఊదినాను. ఒక్క బుడగ రాలేదు. నీళ్లు పోస్తే ధారగా పారినాయి. రెక్కలు వంగలేదు. నేను తల ఊపుతుంటే సూరిరెడ్డి దాన్ని తీసుకుని మూతిలోకి కన్ను పెట్టి చూసినాడు.

"ఏం ఆచారీ, ఈ మూతికాడ పచ్చగా ఉండాది?"

నేను దానివైపు తిరిగి కూడా చూడలేదు.

"ఇత్తడి పచ్చగా గాక నల్లగా ఉంటాదా రెడ్డీ?"

బాషాభాయ్ నవ్వినాడు. నేనూ నవ్వినాను. సూరిరెడ్డి దాన్ని నా చేతికిచ్చేసినాడు. వాసన చూడమని ఏండ్ల తరబడి చెప్పిన ఉస్తాద్ మాట ఆ పూట నాకు గుర్తే రాలేదు. ఎవరూ వాడనిదని నేనే తీర్మానించుకున్నాక వాసన చూసే పనేముంది?

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. పాత సామాను అమ్మేవాడు మోసం చేస్తాడని అందరూ భయపెడతారు. నా అనుభవంలో అమ్మేవాడికంటే మన తెలివే మనల్ని ఎక్కువ మోసం చేస్తుంది. బాషాభాయ్‌కి దాని లోపల ఏముందో తెలియదు. తెలియాల్సింది నాకు.

రెండు రోజుల సంబరం

అమర్చడానికి ఒక రోజు పట్టింది. ఇంజను నుంచి నూనె రాగి పైపులో బయటికొచ్చి, రేడియేటర్‌లో తిరిగి మళ్లీ లోపలికి పోయేటట్టు పెట్టినాను. ముందు ఫ్యాను బిగించినాను. మరుసటి రోజు పొద్దున నేనే చేనుకు పోయినాను, చూడాలని.

సూరిరెడ్డి బండిని సాల్లో పెట్టినాడు. పది సాళ్లు, ఇరవై సాళ్లు. ఆగలేదు. గంటన్నర అయినాక ఆపి, ఇంజనుమీద అరచెయ్యి ఆనించి, తీయకుండా నా వైపు చూసినాడు.

"పెట్టనిస్తాండాది ఆచారీ!"

ఆయన భార్య లక్ష్మీదేవమ్మ సంగటి తెచ్చింది. నన్నూ గట్టుమీద కూర్చోబెట్టి పెట్టింది. ముందు అనుమానంగా చూసిన మనిషి, బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "మునుపు దీని రొద వింటే ఎప్పుడాగిపోతాదో అని గుండె కొట్టుకునేది అన్నా. ఈ పొద్దు సంగటి నిమ్మళంగా గెలికినా" అంది. నా పనికి అంతకంటే మంచి మెచ్చుకోలు మళ్లీ రాలేదు.

ఆ రోజు, మరుసటి రోజు మధ్యాహ్నం దాకా కలిపి మూడు ఎకరాలు అయినాయి. తర్వాత సాలు మధ్యలో ఇంజను కీచుమని అరిచి పట్టేసింది.

కోసి చూస్తే

కబురు విని నేను పోయేసరికి బండి అట్లే సాల్లో నిలబడి ఉంది. సూరిరెడ్డి పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. ధర్మవరం నుంచి డీజిల్ ఇంజన్ల మెకానిక్ ఓబులేసును పిలిపించినాం. ఇంజనును ఇంటికాడికి లాక్కొచ్చి విప్పినాడు. బేరింగు నల్లబడి, పిస్టన్ గీసుకుపోయి ఉంది. నూనె పోయే సన్న రంధ్రంలో నల్లటి బురద అడ్డం పడింది.

"నూనె అందలేదు" అన్నాడు ఓబులేసు. "పాత డీజిల్ ఇంజన్లలో ఈ బురద ఉండేదేలే. పైగా ఎద్దు పని చేయిస్తిరి దీంతో. ఎన్ని దినాలు ఓర్చుకుంటాది?"

సూరిరెడ్డి తల ఊపినాడు.  "నువ్వు చేసింది నువ్వు చేసినావులే ఆచారీ. దీనికే ఆయుస్సు తీరినట్టుండాది" అని నన్నే ఓదార్చినాడు.

నా పని అంతటితో అయిపోయినట్టే. మెకానిక్ చెప్పినాడు, రైతు నమ్మినాడు. నేను నోరు కూడా తెరవలేదు. కడిగి చూస్తానని చెప్పి రేడియేటర్ విప్పుకుని అంగడికి తెచ్చుకున్నాను. కానీ కడగలేదు. ఆ "పచ్చగా ఉండాది" అనే మాట బస్సులోనే గుచ్చుకోవడం మొదలైంది. దాని పైకప్పు మాటు కరిగించి ఊడదీసినాను.

మధ్య గొట్టాలు బాగున్నాయి. రెండు పక్కల మూలల్లో పిడచ. పైపొర నూనెకు నల్లబడింది. గోటితో గీకితే లోపల పచ్చగా, ముద్దగా. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పసుపు.

ఏ డ్రైవరో ఎప్పుడో కారు రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసినాడు. పెద్ద రేడియేటర్‌లోనూ దీంట్లోనూ తిరిగేది ఒకే నీళ్లు గాబట్టి అది తిరిగి తిరిగి ఈ మూలకు చేరి ఎండిపోయింది. నీళ్లు మధ్యలో దారి చూసుకుని పోయినాయి, అందుకే నా పరీక్షలో ఏమీ తేలలేదు. కాగే నూనె వచ్చేసరికి మెత్తబడి, ముక్కలుగా ఊడి, నూనెతోపాటు ఇంజనులోకి పోయింది.

ఆ సాయంత్రం అంగడిలో, ఆ మూలల్లో నుంచి ఊడదీసిన రెండు పసుపు పిడచ ముక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంకొకటి కొని బిగిస్తే ఎవరికీ తెలియదు. తప్పు బండిమీద వేయడానికి మెకానిక్ మాట సిద్ధంగా ఉంది. నల్లరంగు పూసి, అరిచి, ఎదుటివాడితోనే క్షమాపణ చెప్పించే విద్య నాకు బాగా వచ్చు. ఈసారి అరిచే పని కూడా లేదు. సూరిరెడ్డి ముందే నన్ను ఓదార్చి పంపినాడు. ఆ ఓదార్పే మింగుడుపడలేదు. ఆ రోజు డ్రైవర్ ఉస్తాద్‌కు చేతులు జోడించినప్పుడు ఉస్తాద్‌కు ఎట్లా అనిపించి ఉంటుందో మొదటిసారి అనుకున్నాను.

పొద్దున మొదటి బస్సుకు ఆ ముక్కలు గుడ్డలో చుట్టుకుని పోయినాను.

భార్యాభర్తలిద్దరూ చేన్లో చేత్తో కలుపు తీస్తున్నారు. నేను గుడ్డ విప్పి ముందు పెట్టినాను.

"ఇంజను నీ బండి పాతదై పోలేదు రెడ్డీ. నేను తెచ్చినదాంట్లో పసుపుండాది. అది పోయి అడ్డం పడింది."

సూరిరెడ్డి ముక్క తీసుకుని గీకినాడు. వాసన చూసినాడు.

"నేనడిగితి గదా ఆచారీ."

"అడిగినావు."

"ఇత్తడి అంటివి."

"అంటిని."

"నవ్వితివి గూడా."

 ఆయన గట్టుమీద కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు. ముఖం ఎర్రబడింది. తిడితే బాగుండుననిపించింది.

సాళ్లలో నుంచి లక్ష్మీదేవమ్మ తల ఎత్తకుండానే అంది: "చెప్పేకి ఇంత దూరం వచ్చినాడు. ముందు మనిషికి నీళ్లియ్యి."

"నీళ్లిస్తా. నీళ్లిచ్చినంత మాత్రాన కోపం పోయిందని గాదు" అన్నాడు సూరిరెడ్డి, చెంబు నా చేతికిస్తూ. నేను తాగినాక అడిగినాడు, "ఎన్ని దినాలు?"

"బెంగళూరు పోయి సామాను తెచ్చి, ఇంజను కట్టించేకి నాలుగు దినాలు. ఖర్చు నాది. దాని మాట నువ్వు ఎత్తొద్దు."

ఆయన పక్కనున్న చెట్టును వంచి పూత చూసినాడు. "పది దినాలుంటాది ఊడలు దిగేకి. ఎక్కువుండదు."

లక్ష్మీదేవమ్మ నూనె గుడ్డ

రెండు రోజులు బెంగళూరులో తిరిగి బేరింగు, పిస్టన్ తెచ్చినాను. ఓబులేసుకు నిజం చెప్పి పని ఒప్పగించినాను. ఆయన ఇంజను కట్టే రోజు నేను ఖాళీగా ఉండలేక చేనుకు పోయి కలుపు తీయడానికి కూర్చున్నాను. నాకు చేతకాలేదు. నేను ముందు పోతుంటే లక్ష్మీదేవమ్మ వెనకే వచ్చి నేను వదిలేసిన గడ్డి తీసేది. ఒకచోట మాత్రం, "అన్నా, అది గడ్డి కాదు, చెనిక్కాయ" అని నా చెయ్యి పట్టుకుని ఆపింది. సూరిరెడ్డి అప్పుడు నవ్వినాడు, మూడు రోజుల తర్వాత.

"రేపు రేడియేటర్ కొనేకి పోదాం" అన్నాను.

"పోదాం. ఈసారి నువ్వు ఎంచొద్దు. మా ఇంటామె వస్తాది."

నేను కాదనే స్థితిలో లేను.

బాషాభాయ్ అంగడిలో అట్లాంటివే ఇంకా మూడు ఉన్నాయి. నేను ఒకటి తీసి వాసన చూసినాను. ఏమీ తెలియలేదు. మట్టి, తుప్పు, పాత నూనె వాసనలు కలిసిపోయి ఉన్నాయి. లక్ష్మీదేవమ్మ నన్ను పక్కకు జరగమంది.

"నీళ్లతో చూస్తే పసుపు దొరకదన్నా. పసుపు కలిపిన చెయ్యి నీళ్లతో కడిగితే పోతాదా? తిరగమోత నూనెలో వేస్తే చూడు, ఒక్క క్షణంలో నూనెంతా పచ్చబడతాది. కొంచెం నూనె కాచి ఇయ్యమను."

బాషాభాయ్ టీ కాచే స్టవ్వుమీద కొబ్బరినూనె వేడి చేయించినాడు. ఆమె తన సంచిలోంచి తెల్ల గుడ్డ తీసి పేలికలుగా చింపింది. నేను నూనె పోసి రేడియేటర్‌ను అటూ ఇటూ వంచినాను. ఆమె కింద గుడ్డ పట్టింది. మొదటిదానిలో నుంచి వచ్చిన నూనె గుడ్డమీద పచ్చగా పరుచుకుంది. రెండోదీ అంతే. మూడోదానికి తుప్పు మరక వచ్చింది, పచ్చదనం లేదు. ఆమె ఇంకో పేలికతో మళ్లీ చూసింది. మూడోసారి మళ్లీ.

"ఇది" అంది.

బాషాభాయ్ మొదటి రెండింటినీ తీసి తుక్కు కుప్పలో పడేసినాడు. "ఇన్నేండ్ల నుంచి అమ్ముతాండా అమ్మా, ఇది నాకు తెలీదు."

నాకూ తెలియదు. ఇత్తడి పనిలో పుట్టి పెరిగినవాణ్ణి. నీళ్లు తిరిగే వస్తువును నీళ్లతో, నూనె తిరిగే వస్తువును నూనెతో, అది కూడా కాచిన నూనెతో పరీక్ష చేయాలని ఆ రోజు ఆ అంగడిలో, తెల్ల పేలిక పట్టుకుని నిలబడిన ఆడమనిషి నేర్పింది. తర్వాత మానుకునేదాకా ప్రతి పాత రేడియేటర్‌నూ నేను అట్లే చూసినాను. కొనేవాళ్లు ఆ తెల్ల గుడ్డ చూసి నవ్వితే, నవ్వనిచ్చినాను.

అమర్చేటప్పుడు ఇంకొకటి చేసినాను. రేడియేటర్ నుంచి నూనె ఇంజనులోకి పోయే ముందు టీ వడగట్టేదాని మాదిరి సన్న ఇత్తడి జల్లెడ పెట్టినాను. మొదటిసారే పెట్టి ఉండాల్సింది. నాకు తోచలేదు. నా తెలివే చాలనుకున్నాను అప్పుడు.

మిగిలిన ఐదు ఎకరాలు

సూరిరెడ్డి పొద్దున నుంచి పొద్దుగూకేదాకా తోలినాడు. నేను రోజూ మధ్యాహ్నం పోయి జల్లెడ విప్పి చూసి వచ్చేవాణ్ణి. ఏమీ పడలేదు. చివరి చేని ముక్కలో ఆఖరి సాళ్లు తోలే రోజు, గట్టువారగా ఒక చెట్టు కింద ఊడ దిగి మట్టిని తాకడం లక్ష్మీదేవమ్మ చూసి చెయ్యి ఊపింది. ఇంకో నాలుగు సాళ్లే ఉన్నాయి. ఆయన వాటిని కూడా మెల్లగా, చెట్లను తగలకుండా ముగించి బండి ఆపినాడు. చేనంతా దువ్వినట్టుంది. 

ఆ తర్వాత వాన రాలేదు. ఊడలు దిగే సమయానికి ఒక్క మంచి వాన కావాల. మేఘాలు వచ్చి, గాలి వచ్చి, పోయినాయి. నెలరోజులు ఆకాశం నీలంగా ఉండిపోయింది. బత్తలపల్లె చుట్టుపక్కల ఎవరి చేన్లో చూసినా చెట్లు బతికినాయే గానీ కాయలు నిండలేదు. మా అంగడి ముందు ఆగే ప్రతి రైతు ముఖంలో అదే దిగులు.

నేను సూరిరెడ్డి ఊరికి పోవడం మానేసినాను. ఎట్లా పోవాల? వారం రోజులు బండి నిలబెట్టినవాణ్ణి. ఆ వారం రోజులు పోకపోయి ఉంటే ముందే కలుపు పోయి, చెట్టు బలపడి, నాలుగు కాయలు ఎక్కువ పట్టి ఉండేవేమోనని నాలో నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను.

పంట పీకినాక ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చినాడు. చేతిలో చిన్న గుడ్డ సంచి. నా బల్లమీద కుమ్మరించినాడు. చెనిక్కాయలు. చిన్నవి, సగం ఒంటిగింజవి.

"ఎకరాకు ఎంతో చెప్పను. చెప్తే నవ్వుతావు" అన్నాడు.

నేను తల దించుకుని, "నేను ఆ వారం దినాలు పోగొట్టకపోయి ఉంటే..." అన్నాను.

ఆయన చెయ్యి ఎత్తి ఆపినాడు.

"చూడు ఆచారీ. కలుపు మిగిలిపోయి ఉంటే నేనూ అదే అనుకునేవాణ్ణి. బతికినన్నాళ్లు నీమీద అనుమానంగా ఉండేది, నీ అంగడి ముందు బస్సు ఆగితే మొఖం తిప్పుకునేవాణ్ణి. కానీ చేన్లో గడ్డిపోచ లేదు. నా చేతిలో ఉన్నదంతా అయింది. పోయింది వానకు. నీకు కాదు. ఆ మాట చెప్పేకే వచ్చినా."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక కాయ ఒలిచి గింజ నా చేతిలో పెట్టినాడు, ఇంకొకటి ఆయన నోట్లో వేసుకున్నాడు. చిన్నదైనా పాలు పాలుగా, తియ్యగా ఉంది. ఇద్దరం కుప్ప అయిపోయేదాకా ఒలుచుకుంటూ తిన్నాం.